చేరడం – చేర్చడం: సైబరాబాద్ ‘హరిత రవాణా’ వాదంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

హైదరాబాద్ పశ్చిమభాగంలోని హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో సరుకురవాణా వల్ల కలిగే పర్యావరణనష్టాన్ని తగ్గించాలన్న చర్చ కొంతకాలంగా బలపడుతూ వస్తోంది. ఆ చర్చ ప్రధానంగా ఇంటిగుమ్మానికి పొట్లం తెచ్చే ద్విచక్రవాహనాన్ని విద్యుత్తుతో నడపడం చుట్టూ తిరుగుతోంది. ఆ చర్చ వాడే భాషను, అది లెక్కలోకి తీసుకునే బరువును, విడిచిపెట్టే బరువును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు క్రియల్లోని అకర్మక, సకర్మక భేదాన్ని సాధనంగా తీసుకొని, ‘సరుకు చేరింది’ అనే వాక్యం వెనుక లుప్తమైన కర్తలను ఇది గుర్తిస్తుంది. కట్టడాల సామగ్రి, నీటి ట్యాంకర్లు, భూమి ధర, గడువు వేగం అనే నాలుగు అంశాలు చేరనిదే ‘హరిత రవాణా’ అనే మాటకు అర్థం నిండదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సరుకురవాణా, సైబరాబాద్, పర్యావరణ విమర్శ, అకర్మకక్రియ, విద్యుత్ వాహనాలు, నీటి ట్యాంకర్లు, గిగ్ కార్మికులు.

1. ఉపోద్ఘాతం:

1998 నవంబర్ 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటినుంచి సమాచారసాంకేతికరంగాన్ని ‘పొగగొట్టం లేని పరిశ్రమ’గా చూడడం తెలుగు సమాజంలో అలవాటుగా మారింది. సనత్‌నగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు పారిశ్రామికవాడలతో పోల్చినప్పుడు ఈ అభిప్రాయం సహజమే. అక్కడ ముడిసరుకు లోపలికి వెళ్ళడం, తయారైన వస్తువు బయటికి రావడం కంటికి కనబడతాయి. హైటెక్ సిటీ ఉత్పత్తి తీగల మీద వెళ్ళిపోతుంది. అందువల్ల ఈ ప్రాంతానికి సరుకురవాణాతో పెద్దగా సంబంధం లేదన్న భ్రమ ఏర్పడింది.

వాస్తవంలో ఈ ప్రాంతానికి సరుకుతో మూడు రకాల సంబంధం ఉంది. మొదటిది, ఇది తీసుకునే ప్రాంతం. తినే బియ్యం, కట్టే గుడ్డ, తాగే నీరు అన్నీ బయటినుంచి రావలసిందే. రెండవది, ఇది కట్టుకుంటున్న ప్రాంతం. పాతికేళ్ళుగా సిమెంటు, ఇసుక, ఉక్కు, కంకర ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. తవ్విన రాయి, మట్టి ఇక్కడినుంచి పోతూనే ఉన్నాయి. మూడవది, ఇది దారి చెప్పే ప్రాంతం. అమెజాన్ సంస్థ 2019లో తన అతిపెద్ద ప్రాంగణాన్ని నానక్‌రామ్‌గూడలో తెరిచింది. ఉబర్ వంటి సంస్థల ఇంజనీరింగ్ కేంద్రాలూ నగరంలో ఉన్నాయి. ఏ పొట్లం ఏ దారిన ఎప్పుడు వెళ్ళాలో నిర్ణయించే రంగంలో పనిచేసే వేలమంది ఇదే రోడ్ల మీద ఆఫీసులకు వెళ్ళివస్తారు.

ఈ మూడు సంబంధాల్లో ప్రస్తుత చర్చ మొదటిదానిలో ఒక చిన్న భాగాన్ని మాత్రమే పట్టుకుంది. ఆ ఎంపిక ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ముందుగా భాషను చూడాలి.

2. క్రియ చెప్పే కథ:

తెలుగులో చేరు – చేర్చు, మారు – మార్చు, తగ్గు – తగ్గించు వంటి క్రియల జంటలు ఉన్నాయి. మొదటివి అకర్మకాలు, పని తనంతట తాను జరిగినట్టు చెబుతాయి. రెండవవి సకర్మకాలు, చేసినవాణ్ణి వాక్యంలోకి రప్పిస్తాయి. ‘మూట చేరింది’ అన్నప్పుడు మూటే కర్త. ‘మూటను చేర్చాడు’ అన్నప్పుడు ఒక మనిషి అవసరమవుతాడు. అతని పేరు చెప్పకపోయినా, ‘ఎవరు?’ అన్న ప్రశ్నకు చోటుంటుంది.

ఫోన్‌లో సరుకు తెప్పించుకునే వ్యవస్థలన్నింటిలోనూ వాక్యనిర్మాణం మొదటి పద్ధతిలోనే ఉంటుంది. ఆర్డర్ బయలుదేరుతుంది, ఆర్డర్ దగ్గరికి వస్తుంది, ఆర్డర్ చేరుతుంది. పొట్లానికి కాళ్ళు వచ్చినట్టు కనిపించే ఈ వాక్యాల్లో బండి లేదు, ఇంధనం లేదు, మోసే మనిషి లేడు. పర్యావరణ నివేదికలూ ఇదే వ్యాకరణాన్ని అనుసరిస్తాయి. ‘ఉద్గారాలు తగ్గాయి’ అంటాయి. ఎవరు తగ్గించారు, ఎవరి ఖర్చుతో తగ్గించారు, ఎక్కడ తగ్గి ఎక్కడ పెరిగాయి అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో తావుండదు.

‘చివరి మైలు’ అనే అనువాదపదాన్ని కూడా ఇక్కడ పరిశీలించాలి. సరుకు పంపే సంస్థ నిలబడిన చోటినుంచి చూస్తేనే అది చివరిది. చిన్న గోదాము ముందు బండి ఆపుకొని పిలుపు కోసం ఎదురుచూసే కార్మికుడికి అదే మొదటి మైలు, అదే మొత్తం ప్రయాణం. అంతకన్నా ముఖ్యంగా, చివరిదానికి పేరు పెట్టిన ఈ వ్యవహారం అంతకుముందు నడిచిన వందల మైళ్ళకు పేరు పెట్టలేదు. పేరు లేనిదానిపై చర్చ జరగడం కష్టం.

‘హరిత’ శబ్దం గతి మరొకటి. 2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం పేరుతో మొక్కలు నాటే కార్యక్రమం ప్రారంభించినప్పుడు ఆ మాటకు ఆకు, కొమ్మ ఉన్నాయి. విద్యుత్ వాహనాలకు ఆకుపచ్చ నంబరు పలక వచ్చాక అది ఒక రంగుగా స్థిరపడింది. పలక పచ్చగా ఉంటే ప్రయాణం పచ్చనిదన్న నిశ్చయం ఏర్పడింది. ఆ ప్రయాణం అవసరమా, ఎంత బరువుకు ఎంత దూరం అన్న విచారణ వెనకబడింది.

3. మోసినవారి చరిత్ర:

సరుకు కదలికను గురించి తెలుగునేల ఎప్పుడూ ఇంత అకర్మకంగా మాట్లాడలేదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి అభయశాసనం ఇందుకు నిదర్శనం. తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను ఆ పద్ధతిని విడిచిపెట్టి సుంకం మాత్రమే తీసుకుంటాననీ ఆ శాసనం ప్రకటించింది. సుంకాన్ని ముప్పయిలో ఒక వంతుగా నిర్ణయించి, కొన్ని సరుకులకు విడివిడిగా రేట్లు పేర్కొంది. నష్టం ఎవరిది, బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు సరుకు పేరుతో సహా జవాబు చెప్పిన పత్రం అది.

హైదరాబాద్ పటం మీద కూడా మోసినవారి గుర్తులున్నాయి. గోల్కొండకూ పాతనగరానికీ నడుమ బిడారులు దిగిన చోటు కార్వాన్. ఎద్దులపై ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కనంతా తిరిగిన బంజారాల పేరు బంజారాహిల్స్‌కు మిగిలింది. పాతనగరం నుంచి హైటెక్ సిటీకి వెళ్ళే దారి ఆ కొండల మీదుగానే సాగుతుంది.

1874లో వాడి – సికింద్రాబాద్ రైలుమార్గం తెరుచుకుంది. నేటి హైటెక్ సిటీ స్టేషన్ ఆ మార్గం మీదే ఉంది. రైలు, బండ్లబాట విస్తరించిన కొద్దీ పెరిక ఎడ్ల వ్యాపారం కూలిపోయింది. బతుకుతెరువు పోయిన బంజారాలను వలసపాలన అనేకచోట్ల నేరస్థజాతుల జాబితాలో చేర్చింది. రవాణాసాధనం మారిన సందర్భంలో సరుకు మరింత చౌకగా చేరింది; అంతకుముందు చేర్చినవాడు లెక్కలోంచి తప్పిపోయాడు. ఇప్పుడు జరుగుతున్న మార్పును అంచనా వేసేటప్పుడు ఈ అనుభవాన్ని ముందుంచుకోవాలి.

4. విద్యుత్ బండి – సాధించేది, సాధించలేనిది:

నీతి ఆయోగ్ 2021 సెప్టెంబరులో ‘శూన్య’ పేరిట కాలుష్యరహిత డెలివరీ వాహనాల ప్రచారాన్ని మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు చివరి వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డుపన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ద్విచక్రవాహనాలు, కార్లు, ఆటోలతోపాటు తేలికపాటి సరుకువాహనాలకూ ఈ మినహాయింపు వర్తిస్తుంది.

ఈ చర్యల మేలును తక్కువ చేసి చూడనవసరం లేదు. వీధిలో పొగ తగ్గుతుంది, రొద తగ్గుతుంది. కూడళ్ళలో రోజంతా నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకూ, బండి నడిపే కార్మికుడికీ అది ప్రత్యక్షలాభం. తక్కువ దూరాలు, మాటిమాటికీ ఆగడాలు ఉన్న ప్రయాణానికి విద్యుత్ మోటారు పెట్రోలు ఇంజనుకన్నా మెరుగైనది.

అయితే దీన్ని ‘సున్న ఉద్గారం’ అనడంలో అతిశయోక్తి ఉంది. తెలంగాణ విద్యుత్తులో పెద్దభాగం బొగ్గునుంచే వస్తోంది. నల్లగొండ జిల్లా దామరచర్ల వద్ద 4,000 మెగావాట్ల సామర్థ్యంతో యాదాద్రి కేంద్రాన్ని నిర్మించారు. ఆ బొగ్గు కూడా ఒక సరుకే. భారతీయ రైల్వే మోసే మొత్తం సరుకులో సుమారు సగం బొగ్గే. కాబట్టి మాదాపూర్‌లో పొగ మానిన బండి వెనుక ఒక గని, ఒక గూడ్సు రైలు, ఒక పొగగొట్టం ఉన్నాయి. కాలుష్యం మొత్తంమీద తగ్గవచ్చు, కాని అది చోటు మారిందన్న సంగతీ అంతే నిజం. ఐటీ కారిడార్ గాలి బాగుపడినప్పుడు దామరచర్ల గాలి మాటేమిటన్న ప్రశ్న ఈ చర్చలో వినిపించాలి.

రెండవ పరిమితి పరిమాణానికి సంబంధించినది. దేశంలోని వాహనాల్లో ట్రక్కులు సుమారు 3 శాతమే. రోడ్డురవాణా నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు మూడోవంతు, సూక్ష్మధూళి కణాల్లో సగానికి పైగా వాటినుంచే వస్తున్నట్టు నీతి ఆయోగ్ భాగస్వామ్యంతో 2022లో వెలువడిన నివేదిక పేర్కొంది. టిప్పరు, కాంక్రీటు మిక్సరు, దూరప్రాంతపు లారీ తేలికపాటి వాహనాల తరగతిలోకి రావు. కేంద్రం 2024 అక్టోబరులో అమలులోకి తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో విద్యుత్ ట్రక్కులకు 500 కోట్ల రూపాయలు కేటాయించడం ఈ లోపాన్ని గుర్తించినట్టు చూపుతుంది. పథకం మొత్తం 10,900 కోట్లన్నది గమనిస్తే ఆ గుర్తింపు ఎంతటిదో అర్థమవుతుంది.

5. లెక్కకు రాని బరువు:

సైబరాబాద్ రోడ్ల మీద తిరిగే సరుకులో పొట్లాలు కనబడినంతగా బరువు తూగవు. ఆరు ఘనమీటర్ల కాంక్రీటు మోసే ఒక మిక్సరులో సరుకు 14 టన్నులు దాటుతుంది. అయిదువేల లీటర్ల నీటి ట్యాంకరు అయిదు టన్నులు మోస్తుంది. కిలో చొప్పున లెక్కిస్తే అది అయిదువేల పొట్లాల బరువు. బరువు ఒక్కటే ఉద్గారాన్ని నిర్ణయించదు. దూరం, ఇంధనం, ఖాళీగా తిరిగివచ్చే ప్రయాణం కూడా కలుస్తాయి. ఈ వాహనాలు సాధారణంగా డీజిల్‌తో నడుస్తాయి, సరుకు దించి ఖాళీగా వెనుదిరుగుతాయి. కనుక ఆ అంశాలు కూడా పొట్లం వైపు కాక వీటి వైపే మొగ్గుతాయి.

నీటి సంగతి మరీ ఆలోచింపజేసేది. కృష్ణా, గోదావరి జలాలు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రవహించి హైదరాబాద్‌కు వస్తాయి. వేసవిలో గచ్చిబౌలి, కొండాపూర్, మణికొండ అపార్టుమెంట్లకు అదే నీరు, దానితోపాటు శివార్ల బోర్లలో తోడిన భూగర్భజలం, ట్యాంకరెక్కి చేరుతుంది. ‘చివరి మైలు’ అనే మాట నిజంగా వర్తించే చోటు ఇదే. కాని హరిత రవాణా చర్చలో ట్యాంకరు ప్రస్తావన అరుదు. అది నీటి సమస్యగా ఒక శాఖలో, ట్రాఫిక్ సమస్యగా మరొక శాఖలో నమోదవుతుంది. రవాణా ఉద్గారంగా ఎక్కడా చోటు చేసుకోదు. ఇంకుడుగుంత తవ్వడం, శుద్ధిచేసిన మురుగునీటిని తోటలకూ శౌచాలయాలకూ వాడడం నీటిపొదుపు చర్యలుగానే పరిగణన పొందుతున్నాయి. అవి ఒక్కొక్క ట్యాంకరు ప్రయాణాన్ని రద్దు చేసే రవాణా చర్యలు కూడా. బ్యాటరీతో నడిచే ప్రయాణంకన్నా అసలు జరగనవసరం లేని ప్రయాణమే పర్యావరణానికి మేలు.

కట్టడాలదీ ఇదే తీరు. ఈ ప్రాంతం గ్రానైటు గుట్టల మీద వెలసింది. పలు అంతస్తుల సెల్లారు తవ్వినప్పుడు వచ్చే రాయి టిప్పర్లలో ఊరిబయటికి పోతుంది. కంకరగా మారిన వేరే రాయి మళ్ళీ టిప్పర్లలోనే లోపలికి వస్తుంది. కూల్చివేతల వ్యర్థాలను తిరిగి వాడుకలోకి తెచ్చే కేంద్రాలు జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో రోజుకు 500 టన్నుల చొప్పున సామర్థ్యంతో మొదలయ్యాయి. ఇది మెచ్చదగిన ప్రయత్నం. అయితే రెండింటిలో ఒకటి ఉత్తరాన, మరొకటి తూర్పున ఉన్నాయి. కట్టడాలు ఎక్కువగా లేస్తున్నది పడమట.

6. భూమి ధర – బండి దూరం:

సరుకు ఎంత దూరం తిరుగుతుందో నిర్ణయించేది డ్రైవరు కాడు, భూమి ధర. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వందకోట్ల రూపాయలు దాటింది. అటువంటి నేలమీద గోదాముకో, లారీ ఆగే అడ్డాకో స్థలం విడిచిపెట్టే యజమాని ఉండడు. ఫలితంగా పెద్ద గోదాములు శంషాబాద్, మేడ్చల్, పటాన్‌చెరు వైపు స్థిరపడ్డాయి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వాటిని నగరంతో కలిపింది.

హెచ్‌ఎండీఏ ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంతో రూపొందించిన సరుకుకేంద్రాలు నాగార్జునసాగర్ దారిలోని మంగల్‌పల్లిలోనూ, విజయవాడ దారిలోని బాటసింగారంలోనూ ఉన్నాయి. పెద్ద లారీ నగరంలోకి రాకుండా శివారులోనే సరుకు దించి, చిన్న వాహనాల్లోకి మార్చాలన్న ఆలోచన సరైనదే. కాని రెండు కేంద్రాలూ నగరానికి తూర్పు, ఆగ్నేయ దిశల్లో ఉన్నాయి. వేగంగా పెరిగిన వినియోగం పడమటి దిక్కున ఉంది. అక్కడ దిగిన సరుకు హైటెక్ సిటీకి చేరాలంటే నగరాన్ని చీల్చుకొనో, వలయరహదారిని సగం చుట్టుకొనో రావాలి.

రైలు విషయంలోనూ ఇదే వైరుద్ధ్యం. సనత్‌నగర్‌లో కంటైనర్ కార్పొరేషన్ డిపో ఉంది. హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, లింగంపల్లి స్టేషన్లు అదే రైలుమార్గం మీద ఉన్నాయి. అయినా ఈ ప్రాంతపు సరుకు ప్రధానంగా రోడ్డునే నమ్ముకుంది. దేశవ్యాప్తంగా సరుకురవాణాలో రోడ్డు వాటా 70 శాతం దాకా ఉండగా, రైలు వాటాను 2030 నాటికి 45 శాతానికి పెంచాలని జాతీయ రైలు ప్రణాళిక లక్ష్యంగా పెట్టుకుంది. పట్టా పక్కనే ఉన్న ఐటీ కారిడార్‌లో ఆ లక్ష్యం గురించిన చర్చే లేకపోవడం విచారకరం.

7. వేగం ఎవరి ఖర్చు?

‘కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఎదగాలి’ అన్నది తెలుగు సామెత. నిమిషాల్లో సరుకు రావాలి, కాలుష్యం మాత్రం తగ్గాలి అనే కోరిక ఈ సామెతకు సరిపోతుంది. సరుకురవాణాలో పొదుపు కలిపి మోయడం వల్ల వస్తుంది. ఒక ట్రాలీ ఆటో ఒకే వీధికి యాభై పొట్లాలు తెస్తే ఇంధనం యాభై భాగాలవుతుంది. గడువు కుదించినకొద్దీ కలపడానికి వ్యవధి ఉండదు. నూరు కిలోల బండి, డెబ్బయి కిలోల మనిషి కలిసి కిలో పెరుగు, కొత్తిమీర మోసుకురావలసి వస్తుంది. బండి విద్యుత్తుదైనా ఈ నిష్పత్తి మారదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఆ మనిషి రాకపోతే కొనుగోలుదారే కారు తీసుకొని సూపర్‌మార్కెట్‌కు వెళ్ళేవాడు కదా, దానికన్నా ఇది నయం కదా అని. కారు ప్రయాణాన్ని తప్పించిన సందర్భంలో ఈ వాదం నిలుస్తుంది. సందు చివరి కిరాణాకొట్టుకు నడిచివెళ్ళే అలవాటును తప్పించిన సందర్భంలో నిలవదు. రెండింటిలో ఏది ఎంత జరుగుతోందో చెప్పగల సమాచారం సంస్థల సర్వర్లలో ఉంది. దాన్ని ప్రజలముందు పెట్టమని అడగడం హరిత రవాణా విధానంలో మొదటి షరతు కావాలి.

వేగం భారం కార్మికుడి మీద మరోరకంగా పడుతుంది. చాలా సందర్భాల్లో బండి అతనిదే. పెట్రోలు బండి విడిచి విద్యుత్ బండి కొనడమో, రోజువారీ కిరాయికి తీసుకోవడమో అతని ఖర్చే. ఛార్జింగుకో, బ్యాటరీ మార్పిడికో ఆగిన సమయం అతని కూలి. సంస్థ నివేదికలో ఉద్గారాలు ‘తగ్గుతాయి’. తగ్గించినవాడి జమాఖర్చు ఆ నివేదికలో ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల నమోదు, సామాజికభద్రతల కోసం చట్టం ముసాయిదాను విడుదల చేసింది. పర్యావరణ విధానాన్నీ ఈ కార్మికవిధానాన్నీ వేర్వేరు కాగితాలుగా చదివితే, పెరిక ఎడ్ల కాలంలో జరిగిన పొరపాటే మళ్ళీ జరుగుతుంది.

8. ప్రత్యామ్నాయాలు:

మార్గాలు లేకపోలేదు. స్టాక్‌హోమ్‌లోని హమ్మర్బీ ప్రాంతాన్ని పునర్నిర్మించినప్పుడు, కట్టడాల సామగ్రిని ఒకేచోట దించి, కలిపి పంచే ఉమ్మడి కేంద్రాన్ని నడిపారు. ఒకే కాలంలో పక్కపక్కనే పదులకొద్దీ భవనాలు లేస్తున్న కోకాపేట, నార్సింగి ప్రాంతాలకు ఈ పద్ధతి పరిశీలించదగినది. నెదర్లాండ్స్‌లోని పలు నగరాలు 2025 జనవరి నుంచి సరుకువాహనాలకు ఉద్గారరహిత మండలాలను దశలవారీగా అమలుచేస్తున్నాయి. అక్కడి నియమం మొదట వ్యాన్లనూ ట్రక్కులనూ లక్ష్యంగా చేసుకుంది. దూరదేశాలదాకా పోనవసరం లేకుండా ముంబయి డబ్బావాలాలు లోకల్ రైలును, సైకిలును, కాలినడకను కలిపి శతాబ్దానికి పైగా భోజనం మోస్తున్నారు. వారి పద్ధతికి ప్రాణం గడువు తొందర కాదు, కలిపి మోయడంలోని క్రమశిక్షణ.

సైబరాబాద్ సందర్భంలో నాలుగు చర్యలను ముందుంచవచ్చు. ఒకటి, పురపాలక, జలమండలి, రవాణా, ట్రాఫిక్ పోలీసు శాఖలు కలిసి ఈ కారిడార్‌లోకి వచ్చే సరుకు పద్దును సరుకు పేరుతో, బరువుతో సహా ఏటా ప్రకటించాలి. రెండు, నీటి పునర్వినియోగాన్నీ తవ్విన రాయిని ఉన్నచోటనే వాడుకోవడాన్నీ రవాణా విధానంలో భాగంగా గుర్తించాలి. మూడు, పశ్చిమదిక్కున రైలుకు దగ్గరగా ఒక సరుకుకేంద్రానికి స్థలం కేటాయించాలి. నాలుగు, ఆర్డర్ పెట్టేచోట ‘నిదానంగా, కలిపి పంపండి’ అనే ఎంపిక మొదటి వరసలో ఉండాలి; విద్యుత్ వాహనానికి మారే ఖర్చు దానివల్ల పేరు పొందే సంస్థే భరించాలి.

9. ఉపసంహారం:

విద్యుత్ ద్విచక్రవాహనం మంచి మార్పే అయినా సైబరాబాద్ సరుకురవాణా కాలుష్యానికి అది చిన్న జవాబు. కాంక్రీటు మిక్సరును, టిప్పరును, నీటి ట్యాంకరును, దూరప్రాంతపు లారీని విడిచిపెట్టిన లెక్క సంపూర్ణం కాదు. ఆ విడుపుకు ఆర్థికకారణాలతోపాటు భాషాకారణమూ ఉందని ఈ పరిశీలన తేల్చింది. సరుకును కర్తగా చేసి మాట్లాడే అలవాటు మోసేవాణ్ణి, మోయించేవాణ్ణి ఒకేసారి కనుమరుగు చేసింది. దారులను లెక్కించే సాంకేతికపరిజ్ఞానం, దానికి కావలసిన సమాచారం, రెండూ ఈ కారిడార్‌లోనే ఉన్నాయి. కనుక పద్దు రాయడం ఇక్కడ అసాధ్యం కాదు. ‘చేరింది’ అన్నప్పుడల్లా ఎవరు చేర్చారు, ఎంత దూరం నుంచి, ఎవరి ఖర్చుతో అని అడిగే విమర్శ తెలుగులో పెరిగితే, విధానపత్రాలు కూడా ఆ జవాబులను రాయక తప్పదు.